నలత

నా ఉద్యోగం చెడగొట్టడం.
పొద్దున్న ఎనిమిదికి, ఇలోయిలోలో,
మోలో వీధి మీద వాన ఏకధారగా పడుతుంటే
అద్దం వెనక కూర్చుని
లేని ఓడకి ఒక రోగం అంటిస్తాను.
నిన్న చన్నీళ్ల పంపులోకి గాలి ఎక్కించాను,
మొన్న నాలుగో సిలిండర్ ఇంజెక్టర్ కార్చాను,
రేపటిది రాత్రి అన్నం తింటూ ఆలోచిస్తాను.
దయ్యాలకైనా నీ అంత ఓపిక ఉండదంటుంది మా ఆవిడ.

అద్దానికి అవతల పిల్లలు.
ఏసీ చలికి స్వెట్టర్లు తొడుక్కుని
నలభై అయిదు డిగ్రీల ఇంజిన్ గదిలో తిరుగుతుంటారు, తెర మీద.
చెమట లేదు, నూనె మాడిన కమురు లేదు,
వాల్వు తిప్పడానికి ఒక్క వేలు చాలు.
తప్పు చేస్తే తెర ఎర్రబడుతుంది, అంతే.
మళ్లీ మొదలు నొక్కితే
ఓడ మళ్లీ పుడుతుంది.
నేను పనిచేసిన ఏ ఓడకీ
ఆ బొత్తాం లేదు.

మంగళవారం జెరలిన్ నుఫాబ్లె కూర్చుంది.
మియగావో పిల్ల. చేపల పడవకి
పాత ట్రాక్టరు ఇంజిన్ బిగించి నడిపే మనిషి వాళ్ల నాన్న.
గడువు ఇరవై నిమిషాలు.
ప్యూరిఫయర్ బెల్టు వదులు చేసి గడియారం నొక్కాను.
అలారం మొదలెట్టింది.
అందరూ అరిచేదాని దగ్గరికే పరుగెడతారు.
ఈమె దాని నోరు నొక్కేసి,
మూడు జనరేటర్ల ముందూ తీరిగ్గా నడిచి,
రెండోదాని దగ్గర
చెయ్యి పట్టుకున్నట్టు ఆగిపోయింది.

"దీనికి ఒంట్లో బాగాలేదు సర్."

దాన్ని నేను ముట్టుకోలేదు.

"ఫిల్టరుకి ముందు ఒత్తిడికీ వెనక ఒత్తిడికీ
మిగతా రెండిట్లో తేడా పాయింట్ మూడు.
దీంట్లో పాయింట్ ఏడు."

ఒకటి దాటితే గాని మోగదమ్మా, అన్నాను మైకులో.

"మోగదు సర్. కానీ మీరు చెడగొట్టకముందు నుంచే
ఇది నలతగా ఉంది."

పాత ఫైలు తెరిచాను.
'ఆరోగ్యంగా ఉన్న ఓడ' అని దాని పేరు.
తొమ్మిదేళ్ల కిందట, ఈ గది కొత్తలో,
నా జేబు పుస్తకం పక్కన పెట్టుకుని
నా చేత్తోనే ఎక్కించిన అంకెలు.
ఆ పుస్తకంలో ఇంకా నా బొటనవేలి జిడ్డు ఉంది.
ఆ ఓడ పేరు ఇక్కడ రాయను.
ఫిబ్రవరి నెల, నాలుగేసి గంటల కాపలా,
కాపలా చివర ఒక్కో అంకె,
నిటారుగా, ముత్యాల్లాంటి దస్తూరీతో:
ఏడు
ఏడు
ఏడు

ఫిల్టరు విప్పి ఉంటే
అడుగున బేరింగు లోహం తళుకు కనిపించేది.
విప్పలేదు. మోగలేదుగా.

మార్చిలో ఒక రాత్రి బేరింగు పట్టేసింది.
క్రిస్పులో దాని పక్కనే నేల తుడుస్తున్నాడు.
గిమారస్ దీవి వాడు,
ఇంటి నుంచి తెచ్చిన మామిడికాయలు
ఇంజిన్ తుడిచే దూదిలో చుట్టి
వెచ్చగా బాయిలర్ పక్కన మాగేసేవాడు.
తర్వాత చాలా రోజులకి
ఎవరో అవి పండాయని చెప్పారు.

తొమ్మిదేళ్లలో ఎన్ని జట్లు వచ్చి వెళ్లాయో.
ఆ ఏడు పక్క నుంచే అందరూ పాసయ్యారు.
నేనూ రోజూ చూసి ఊరుకున్నాను,
మనం రాసిన అంకె మనకి అనుమానంగా కనబడదు.

గడువు ముగిసింది. బెల్టు దొరకలేదు.
నిబంధన ప్రకారం ఆ పిల్ల తప్పినట్టే.
'కనుగొన్న లోపం' అన్న గడి మీద
పెన్ను ఆనించి అలాగే కూర్చున్నాను,
సిరా చుక్క పెద్దదయ్యేదాకా.

మధ్యాహ్నం జట్టు తలుపు దగ్గర నిలబడి ఉంది.
అంకె దిద్దలేదు.
మళ్లీ మొదలు నొక్కాను.
ఓడ పుట్టింది, ఆ ఏడుతో సహా.

కుర్రాడొకడు జడివానలో తడిసి వచ్చి,
జుట్టు దులుపుకుని కూర్చుని,
సరాసరి
అలారం దగ్గరికి పరుగెత్తాడు.